ఫర్మ్ వదిలి సొంత ప్రాక్టీసు పెట్టాలనుకునే న్యాయవాదికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫర్మ్‌లో కుదురుగా పనిచేస్తున్న న్యాయవాదికి ఏదో ఒక దశలో ఈ ఆలోచన వస్తుంది: ఇదే పని నా పేరు మీద చేసుకుంటే ఎలా ఉంటుంది? అక్కడి నుంచి ముందుకు కదలలేక, ఆ ఆలోచనను వదులుకోలేక సతమతమయ్యేవారు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. వృత్తి నియమాలు దేశాన్ని బట్టి, ఒక్కోసారి రాష్ట్రాన్ని బట్టి మారతాయి. అందుకని అసలు సూత్రం ముందు చెప్పి, అవసరమైనచోట భారత్, అమెరికా, ఇంగ్లండ్ నియమాలను ఉదాహరణగా చూపాను. మీకు వర్తించే నియమాల పుస్తకాన్ని దగ్గర ఉంచుకుని చదవండి.

వెళ్లాలా, ఉండాలా అన్నది దేన్ని బట్టి తేల్చుకోవాలి?

మీ బల్ల మీదికి పని ఎక్కడి నుంచి వస్తోంది అన్నదాన్ని బట్టి. జీతం, హోదా, పార్ట్‌నర్‌తో పొసగకపోవడం లాంటివన్నీ ఆ తర్వాత చూడవలసినవి. మంచి న్యాయవాదులు చాలామంది తమ నైపుణ్యాన్ని చూసుకుని ధైర్యం చేస్తారు. వాదనలో దిట్ట, డ్రాఫ్టింగ్‌లో తిరుగులేదు, జడ్జీల దగ్గర మంచి పేరుంది. ఇవన్నీ వచ్చిన పనిని నిలబెడతాయి. పనిని గుమ్మం దాకా తెచ్చేది క్లయింటు నమ్మకం. ఆ నమ్మకం ఎవరి మీద ఉందో ముందు తెలుసుకోవాలి.

ఒక సాయంత్రం కూర్చుని, గడిచిన ఏడాదిలో మీరు చేసిన కేసులు, ఒప్పందాలు, ఇచ్చిన లీగల్ ఒపీనియన్లు గుర్తున్నంతవరకు కాగితం మీద రాయండి. ఒక్కొక్కదాని ఎదురుగా మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ క్లయింటు మొదట ఎవరికి ఫోను చేశారు? చిక్కు వచ్చినప్పుడు ఎవరిని అడుగుతారు? ఫీజు మాట్లాడింది ఎవరు? మూడింటికీ మీ పేరే వచ్చిన పని మీ వెంట వచ్చే అవకాశం ఉంది. ఫోను పార్ట్‌నర్‌కు వెళ్లి, చిక్కుప్రశ్నలు మాత్రం మీకు వస్తున్నాయంటే, మీ మీద నమ్మకం మొలకెత్తింది కానీ ఇంకా ఫర్మ్ పేరు నీడలోనే ఉంది. మూడింటికీ వేరేవాళ్ల పేర్లే వస్తే, ఆ పని మీరు ఎంత గొప్పగా చేస్తున్నా మీతో రాదు. ఆ కాగితం మీ ఆలోచన కోసమే. ఫర్మ్ కంప్యూటర్ నుంచి క్లయింట్ల జాబితా ప్రింటు తీసుకుని ఇంటికి తీసుకెళ్లకండి.

ఆ జాబితాలో పెద్ద కంపెనీలు ఉంటే ఇంకో సంగతి కూడా చూడాలి. కంపెనీలోని న్యాయ అధికారికి మీరంటే ఎంత గురి ఉన్నా, ఆ కంపెనీ ఆమోదించిన న్యాయ సంస్థల జాబితాలో ఒంటరి న్యాయవాదికి చోటు ఉండకపోవచ్చు. ‘మీరెక్కడ ఉంటే మా పని అక్కడే’ అని ఆయన మనస్ఫూర్తిగానే అంటారు, కానీ ఆ నిర్ణయం ఆయన ఒక్కరి చేతిలో ఉండదు. వ్యక్తులు, కుటుంబాలు, చిన్న వ్యాపారులు మనిషిని చూసి వస్తారు. పెద్ద సంస్థలు చాలావరకు పద్ధతిని చూసి వస్తాయి.

ఒక్క పెద్ద క్లయింటు నాతో వస్తానంటున్నారు. అది చాలదా?

చాలదు. ఒకే క్లయింటు మీద నిలబడిన ప్రాక్టీసులో మీరు మళ్లీ ఉద్యోగే, సెలవులు మాత్రం ఉండవు. పైగా ఆ క్లయింటుకు నచ్చని సలహా ఇవ్వవలసి వచ్చిన రోజున మీ నోరు పెగలదు. న్యాయవాది స్వతంత్రత అనే మాటకు అర్థం ఫర్మ్ నుంచి స్వతంత్రత మాత్రమే అనుకోకూడదు.

పార్ట్‌నర్‌తో అస్సలు పడటం లేదు. వెళ్లడానికి ఆ కారణం సరిపోతుందా?

ఆ ఫర్మ్ వదలడానికి సరిపోతుంది. సొంతంగా పెట్టాలా అన్నది వేరే ప్రశ్న. ఇంకో ఫర్మ్‌లో చేరడం, కంపెనీ న్యాయ విభాగంలోకి వెళ్లడం, సీనియర్ దగ్గర కుదురుకోవడం కూడా దారులే. మీకు నచ్చనిది ఏమిటో నిజాయతీగా పేరు పెట్టి చెప్పుకోండి. ఏ కేసు తీసుకోవాలో, ఎలా వాదించాలో ఇంకొకరు నిర్ణయించడం మీకు నచ్చకపోతే, సొంత ప్రాక్టీసు ఆ బాధను నిజంగానే తీరుస్తుంది. బిల్లుల కోసం వెంటపడటం, క్లయింట్లను బతిమాలడం, గంటగంటకు లెక్క రాయడం నచ్చకపోతే మాత్రం, సొంత ప్రాక్టీసులో అవే రెట్టింపవుతాయి, పంచుకునేవారూ ఉండరు.

ఎన్నేళ్ల అనుభవం ఉండాలి?

భారతదేశంలో 1961 నాటి న్యాయవాదుల చట్టం కింద నమోదైన ప్రతి న్యాయవాది సొంత హోదాలోనే నమోదవుతారు. ఒంటరిగా ప్రాక్టీసు చేయడానికి విడిగా ఇంకో లైసెన్సు లేదు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్లు అనే న్యాయవాదుల పరిస్థితి వేరు. సొంత కార్యాలయానికి నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. 2019 నవంబరులో వచ్చిన నియమాలు ఆ అనుమతి లేకుండా ఫ్రీలాన్స్‌గా పనిచేసే వీలు కల్పించాయి కానీ, కోర్టు వ్యాజ్యాల వంటి ప్రత్యేకించిన పనులు అలా చేయాలంటే కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలన్నాయి.

నియమం సంగతి అలా ఉంచితే, నా లెక్క ఇది: ఒక కేసును మొదటి సంప్రదింపు నుంచి తీర్పు అమలు దాకా, లేదా ఒక ఒప్పందాన్ని మొదటి చర్చ నుంచి సంతకాల దాకా, వెనుక నుంచి ఎవరూ దిద్దకుండా నడిపి ఉండాలి. మధ్య ముక్కలు మాత్రమే తెలిసినవారికి మొదలు, చివర కొత్తగా ఉంటాయి. ఇబ్బందులన్నీ ఎక్కువగా అక్కడే వస్తాయి.

చేతిలో ఎంత డబ్బు ఉండాలి?

పని ఉండటం, డబ్బు ఉండటం రెండూ ఒకటి కాదని మొదటి నెలల్లోనే అర్థమవుతుంది. ఈ నెల పనికి బిల్లు వచ్చే నెల వెళ్తుంది, డబ్బు ఆ తర్వాత ఎప్పుడో వస్తుంది. కొన్ని బిల్లులు అసలు రావు. అందుకే కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆఫీసు ఖర్చు విడిగా పక్కన పెట్టి ఉంచుకోండి, కుటుంబంలో ఒక్కరి సంపాదనే ఆధారమైతే ఇంకా ఎక్కువ. ఆఫీసు గది, ఫర్నిచర్ మీద ఉదారంగా పెట్టకండి. తీర్పుల డేటాబేసు, బీమా, నమ్మకమైన గుమాస్తా, ఫైళ్ల బ్యాకప్ మీద మాత్రం పిసినారితనం వద్దు.

రెండు కట్టుబాట్లు మొదటి రోజు నుంచే పెట్టుకోండి. అడ్వాన్సు అందకుండా ఫైలు తెరవవద్దు. కోర్టు ఫీజు, స్టాంపులు, ప్రయాణ ఖర్చులు మీ జేబులోంచి పెట్టవద్దు. మొహమాటానికి ఒకసారి పెట్టిన ఖర్చు అలవాటుగా మారుతుంది. తర్వాత అడిగితే అదే క్లయింటు నొచ్చుకుంటారు.

రాజీనామా ఇవ్వకముందే క్లయింట్లతో మాట్లాడవచ్చా?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. సంస్థలు వదిలే న్యాయవాదులు ఎక్కువగా చిక్కుల్లో పడేదీ ఇక్కడే. ముందుగా మనసులో గట్టిగా నాటుకోవలసిన మాట: క్లయింటు ఫర్మ్ ఆస్తి కాదు, మీ ఆస్తీ కాదు. తన న్యాయవాదిని ఎంచుకునే హక్కు క్లయింటుది. ఆ ఎంపిక తెరచాటు మంతనాలతో కాకుండా, రెండు పక్షాలూ సమాచారం ఇచ్చాక స్వేచ్ఛగా జరగాలి. మిగతా నియమాలన్నీ దీని నుంచే పుట్టాయి.

అమెరికాలో దీని మీద చాలా చర్చ జరిగింది. న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 1995లో గ్రాబార్డ్ మొలెన్ కేసులో గీత ఎక్కడ ఉందో చెప్పింది. వెళ్లబోయే పార్ట్‌నర్ కొత్త ఆఫీసు చూసుకోవడం, ఏర్పాట్లు చేసుకోవడం తప్పు కాదు. ఫర్మ్‌కు తెలియకుండా దాని క్లయింట్లను రహస్యంగా తనవైపు తిప్పుకోవడం మాత్రం విశ్వాస ద్రోహం కిందికి వస్తుంది. అమెరికన్ బార్ అసోసియేషన్ 1999లో, మళ్లీ 2019 డిసెంబరులో ఇచ్చిన అభిప్రాయాలు కూడా ఇదే దారిలో నడిచాయి. వీలైతే ఇద్దరూ కలిసి క్లయింటుకు లేఖ రాయండి అన్నాయి. ఫర్మ్‌లకు కూడా 2019 అభిప్రాయం ఒక హద్దు గీసింది. క్లయింటు ఎంపికకు అడ్డుపడేలా ముందస్తు నోటీసు గడువును కఠినంగా అమలు చేయకూడదని చెప్పింది.

భారత్‌లో ఇంత వివరమైన మార్గదర్శకం లేకపోయినా, న్యాయవాదుల నియంత్రణ సంస్థ అయిన బార్ కౌన్సిల్ నియమాల్లోని 36వ నియమం న్యాయవాది పనిని అర్థించడాన్నే నిషేధిస్తుంది. కాబట్టి ‘నాతో రండి’ అనే మాట రాజీనామాకు ముందైనా, తర్వాతైనా నోట రాకూడదు. ‘నేను ఫలానా తేదీన వెళ్తున్నాను, మీ కేసు ఎవరు చూడాలో మీ ఇష్టం’ అనడం సమాచారం ఇవ్వడం.

ఈ వరుస పాటించండి: మీ ఒప్పందం చదవండి, బీమా, చోటు, బ్యాంకు ఖాతా వంటివి మీ సొంత సమయంలో, సొంత ఫోను నుంచి చూసుకోండి, ఫర్మ్‌కు రాతపూర్వకంగా చెప్పండి, ఆ తర్వాతే క్లయింట్లకు. ఎవరైనా క్లయింటు ముందే పసిగట్టి అడిగితే అబద్ధం చెప్పకండి. ‘ఈ విషయం త్వరలో ఫర్మ్, నేను కలిసి మీకు తెలియజేస్తాం’ అనండి.

క్లయింటుకు వెళ్లే లేఖలో ఏమి ఉండాలి?

పొగడ్త, ఫిర్యాదు, వీడ్కోలు ప్రసంగం అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

‘ఫలానా తేదీ నుంచి నేను ఈ సంస్థను వదిలి స్వతంత్రంగా ప్రాక్టీసు చేయబోతున్నాను. మీ ఫలానా కేసులో ఇప్పటివరకు పనిచేస్తున్నాను. ఈ కేసును ఇకముందు సంస్థ నడపాలా, నేను నడపాలా, లేక మీరు మరో న్యాయవాదిని పెట్టుకుంటారా అన్నది పూర్తిగా మీ ఇష్టం. తదుపరి వాయిదా ఫలానా తేదీన ఉంది, ఆ లోపు దాఖలు చేయవలసిన పత్రాలు ఇవి. మీరిచ్చిన అడ్వాన్సులో మిగిలిన మొత్తం ఇంత. మీ నిర్ణయం తెలిసేవరకు మీ పనికి ఆటంకం రాకుండా చూస్తాం. మీకు నచ్చిన దారి కింద గుర్తించి, సంతకం చేసి పంపండి.’

మూడు దారులూ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. వాయిదా తేదీ తప్పనిసరిగా రాయండి. న్యాయవాదులు మారే సమయంలో క్లయింటుకు అసలు దిగులు ఆ తేదీ గురించే. లేఖ మీద ఫర్మ్ సంతకం కూడా ఉంటే మరీ మంచిది. వాళ్లు ససేమిరా అంటే, మీ లేఖ ప్రతిని వాళ్లకూ పంపండి.

‘వదిలాక ఇన్నేళ్లు పోటీ ప్రాక్టీసు చేయరాదు’ అని ఒప్పందంలో రాసి ఉంది. అది చెల్లుతుందా?

న్యాయవాదుల విషయంలో సాధారణంగా చెల్లదు. కారణం మళ్లీ క్లయింటే: మీరు పనిచేయకుండా ఆపితే ఆయన ఎంపిక హక్కు పోతుంది. అమెరికన్ బార్ అసోసియేషన్ రూపొందించిన నమూనా వృత్తి నియమాల్లో 5.6వ నియమం ఇటువంటి షరతు పెట్టడాన్నే నిషేధిస్తుంది, విరమణ ప్రయోజనాలకు సంబంధించిన ఒప్పందాలు మాత్రం మినహాయింపు. 1989లో న్యూయార్క్ న్యాయస్థానం కోహెన్ కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. పోటీకి వెళితే రావలసిన వాటా కోల్పోతారన్న షరతు కూడా అదే పని చేస్తుంది కాబట్టి దాన్ని అమలు చేయడానికి నిరాకరించింది. భారత్‌లో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ వృత్తి చేసుకోకుండా నిరోధించే ఒప్పందాలను చెల్లనివిగా ప్రకటిస్తుంది.

అలాగని ఒప్పందాన్ని చెత్తబుట్టలో వేయకండి. నోటీసు గడువు, గోప్యత, ఇవ్వవలసిన బకాయిలు వంటి షరతులు నిలబడతాయి. ఉద్యోగంలో ఉన్నంతకాలం కట్టుబడి ఉండాలన్న నిబంధన కూడా నిలబడుతుంది.

ఫైళ్లు ఎవరివి? నేను తయారుచేసిన డ్రాఫ్టులు తీసుకెళ్లవచ్చా?

కేసు ఫైలు మీద హక్కు క్లయింటుది. ఆయన రాతపూర్వకంగా కోరితే ఫర్మ్ దాన్ని ఆయన చెప్పిన న్యాయవాదికి ఇవ్వాలి. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకుని కూర్చోవడం భారత్‌లో కుదరదు. 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఆ విషయం తేల్చి చెప్పింది, బాకీకి వేరే దారులు ఉన్నాయంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో పరిమితంగా ఆ హక్కు ఉంది.

క్లయింటు కోరకముందే మీరంతట మీరు ఫైళ్లు కాపీ చేసుకోవడం మాత్రం ప్రమాదకరం. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన ఒక ఫోల్డరు వల్ల నిష్కళంకమైన పేరు మసకబారిపోతుంది. ఫర్మ్ నమూనా ఒప్పందాలు, అంతర్గత నోట్సు, ఫీజు పట్టికలు వారివి. మీ తలలో ఉన్న చట్టజ్ఞానం, ప్రచురితమైన తీర్పులు, కోర్టులో దాఖలై అందరికీ అందుబాటులో ఉన్నవి మీరు వాడుకోవచ్చు. మీరు రాసిన నమూనాలు కావాలనుకుంటే అడిగి, అనుమతి రాతలో తీసుకోండి. చాలా ఫర్మ్‌లు ఇస్తాయి.

గోప్యత గురించి ఒక్క మాట. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ ప్రకారం క్లయింటు మీకు చెప్పిన మాటలు ఆ పని ముగిశాక కూడా గుప్తంగానే ఉంచాలి. మీరు ఫర్మ్ మారినందువల్ల అవి తేలిక కావు.

కోర్టులో నడుస్తున్న కేసుల్లో వకాలత్ సంగతి?

భారత్‌లో సివిల్ కేసులో ఒకసారి వేసిన వకాలత్ (క్లయింటు తరఫున హాజరయ్యేందుకు న్యాయవాదికి ఇచ్చే అధికార పత్రం), సివిల్ ప్రొసీజర్ కోడ్ 3వ ఆర్డరు 4వ రూలు ప్రకారం, కోర్టు అనుమతితో రాతపూర్వకంగా రద్దయ్యేవరకు, లేదా కేసు ముగిసేవరకు, లేదా క్లయింటు గానీ న్యాయవాది గానీ మరణించేవరకు అమల్లో ఉంటుంది. అంటే మీరు ఫర్మ్ వదిలినంత మాత్రాన కోర్టు దృష్టిలో ఏమీ మారదు. వకాలత్ మీద మీ సంతకం ఉంటే మీరే బాధ్యులు. క్లయింటు ఫర్మ్‌తోనే ఉంటానంటే, ఆ ఫైళ్లన్నిటిలో మీ పేరు ఉపసంహరించుకోవాలి. లేకపోతే ఏడాది తర్వాత మీకు తెలియని వాయిదాకు మీ పేరు పిలుస్తారు. క్లయింటు మీతో వస్తే, అప్పటికే వకాలత్ ఉన్న న్యాయవాది సమ్మతి కావాలి. అది దొరక్కపోతే కారణాలు చెప్పి కోర్టు అనుమతి తీసుకోవాలని బార్ కౌన్సిల్ 39వ నియమం చెబుతుంది.

విచారణ దగ్గరపడిన కేసును మధ్యలో వదిలేయకండి. తగిన కారణం, తగినంత ముందస్తు నోటీసు లేకుండా తప్పుకోకూడదన్నది ఎక్కడైనా నియమమే. మీ రాజీనామా తేదీని అటువంటి కేసుల క్యాలెండరు చూసి పెట్టుకోండి.

సగంలో ఉన్న కేసు ఫీజు ఎవరికి?

చేసిన పనికి చేసినవారికి. గంటల లెక్కన బిల్లు వేసే కేసుల్లో ఇది తేలికే. మొత్తానికి ఒకే ఫీజు మాట్లాడుకున్న కేసుల్లో, ఎంత పని అయింది, ఎంత మిగిలింది అని ఫర్మ్‌తో రాతలో తేల్చుకోండి. క్లయింటు ఒకే పనికి రెండుసార్లు చెల్లించే పరిస్థితి రానివ్వవద్దు. గెలిస్తేనే ఫీజు అన్న పద్ధతి అమెరికాలో ఉంది కాబట్టి అక్కడ పాత సంస్థ తన శ్రమ విలువ మేరకు వాటా అడగవచ్చు. భారత్‌లో ఆ పద్ధతినే బార్ కౌన్సిల్ 20వ నియమం నిషేధించింది. సంస్థే మూతబడిన సందర్భాల్లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2018లో, గంటల లెక్కన నడిచే అసంపూర్ణ కేసులపై రద్దయిన ఫర్మ్‌కు ఆస్తి హక్కు ఉండదని తీర్పు ఇచ్చింది.

పాత ఫర్మ్ క్లయింటుకు వ్యతిరేకంగా కేసు వస్తే తీసుకోవచ్చా?

మీరు ఆ క్లయింటు పనిచేసి ఉంటే, లేదా రహస్య సమాచారం మీ చెవిన పడి ఉంటే, అదే వ్యవహారంలోగానీ దానికి సంబంధించినదాంట్లోగానీ తీసుకోకూడదు. మీకు ఏమీ సంబంధం లేని క్లయింటైతే నియమం ఒప్పుకోవచ్చు. అయినా మొదటి ఏడాది అటువంటి కేసులకు దూరంగా ఉండమంటాను. పాత ఫర్మ్ మీకు కేసులు పంపే మొదటి స్నేహితుడు కావచ్చు. వాళ్లకు ప్రయోజనాల వైరుధ్యం వచ్చిన కేసులు ఎవరికో ఒకరికి పంపాలి కదా.

ఇటువంటి వైరుధ్యం ఉందా అన్న తనిఖీని ఫర్మ్‌లో ఒక విభాగం చూసేది. ఇప్పుడు మీరే చూడాలి. ప్రతి క్లయింటు పేరు, ఎదుటి పక్షం పేరు, సంబంధిత కంపెనీలు, పని ఏమిటన్నది మొదటి రోజు నుంచే ఒక పట్టికలో రాయండి.

బీమా అవసరమా?

అవసరం. ఇక్కడ అర్థం చేసుకోవలసిన సంగతి ఒకటుంది. వృత్తిపరమైన బాధ్యత పాలసీలు ఎక్కువగా, తప్పు జరిగిన రోజున కాకుండా దావా వేసిన రోజున అమల్లో ఉన్న పాలసీ చెల్లించే పద్ధతిలో పనిచేస్తాయి. మీరు మూడేళ్ల కిందట ఫర్మ్‌లో చేసిన పని మీద రేపు దావా వస్తే, మాజీ సభ్యులకు ఫర్మ్ పాలసీ వర్తిస్తుందో లేదో మీరు వెళ్లకముందే అడగాలి. వర్తించకపోతే, గత పనిని కూడా కలుపుకునే కొత్త పాలసీ కావాలి.

ఇంగ్లండ్‌లో సొలిసిటర్ సంస్థలకు ఇది తప్పనిసరి. సంస్థ మూసేశాక కూడా ఆరేళ్ల రక్షణ ఉండాలి. అమెరికాలో ఒరెగాన్ 1978 నుంచి తప్పనిసరి చేసింది, 2018లో ఐడహో చేసింది. భారత్‌లో తప్పనిసరి కాదు. న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది కదా, ఇక భయమెందుకు అని కొందరంటారు. నిర్లక్ష్యం మీద సివిల్ దావాకు, న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద క్రమశిక్షణ చర్యకు ఆ తీర్పు అడ్డు కాదు.

క్లయింటు డబ్బు విషయంలో జాగ్రత్తలు?

వేరే ఖాతా. మీ ఇంటి అద్దె కట్టే ఖాతాలో క్లయింటు డబ్బు ఒక్క రోజు కూడా ఉండకూడదు. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది అడిగిన రోజే చూపగలగాలి.

ఒంటరిగా ఉంటే గడువులు తప్పవా?

తప్పే ప్రమాదం ఉంది, నన్ను అన్నిటికంటే కలవరపెట్టే విషయం ఇదే. ఫర్మ్‌లో మీరు మరిచినా జూనియర్ గుర్తుచేస్తారు, గుమాస్తా గుర్తుచేస్తారు. ఒంటరి న్యాయవాది జ్వరంతో పడుకుంటే చట్టం ఆగదు. ఉదాహరణకు భారత్‌లో వాణిజ్య దావాలో ప్రతివాది జవాబు 30 రోజుల్లో వేయాలి. సమన్లు అందిన నాటి నుంచి 120 రోజులు దాటితే కోర్టు తీసుకోవాలనుకున్నా వీలుండదు. మధ్యవర్తిత్వ (ఆర్బిట్రేషన్) తీర్పును సవాలు చేయడానికి మూడు నెలలు, తగిన కారణం చూపితే ఇంకో 30 రోజులు, ఆ పైన ఒక్క రోజు కూడా లేదు. క్షమించండి అని అడిగే దారి లేని తేదీలు ఇవి.

సమన్లు చేతికొచ్చిన రోజునే, అది పక్కన పెట్టకముందే, గడువు లెక్కకట్టి నాలుగు తేదీలు రాయండి: ఆఖరి రోజు, దానికి వారం ముందు, రెండు వారాల ముందు, డ్రాఫ్టు సిద్ధం కావలసిన రోజు. ఫోను క్యాలెండరులో ఒకసారి, కాగితం డైరీలో ఒకసారి. ఫైలు అట్ట మీద ఆఖరి రోజు ఎర్ర సిరాతో. సోమవారం ఉదయం గుమాస్తాతో కూర్చుని రెండింటినీ పోల్చి చూడండి. విసుగనిపిస్తుంది, అయినా మానకండి.

నాకేమైనా అయితే నా క్లయింట్ల గతి?

దీన్ని చాలామంది దాటవేస్తారు. అమెరికా నమూనా నియమాల్లో 1.3వ నియమం వ్యాఖ్య, ఒంటరి న్యాయవాది మరణించినా అశక్తుడైనా ఫైళ్లు చూసి, క్లయింట్లకు తెలియజేసే మరో న్యాయవాదిని ముందే నిర్ణయించుకోవలసిన అవసరం రావచ్చని చెబుతుంది. నియమం ఉన్నా లేకపోయినా చేయండి. మీలాగే ఒంటరిగా పనిచేసే, నమ్మకమైన ఒకరితో ఒకరికొకరు అండగా ఉండే ఒప్పందం రాసుకోండి. ఫైళ్లు ఎక్కడున్నాయి, క్యాలెండరు ఎలా తెరవాలి అన్నవి ఇంట్లోవారికి తెలిసి ఉండాలి. సెలవు రోజుల్లో వాయిదాలు చూసేది కూడా ఆ మిత్రులే.

కొత్త క్లయింట్లు ఎలా వస్తారు? ప్రకటన ఇవ్వవచ్చా?

అమెరికాలో 1977 నాటి బేట్స్ తీర్పు నుంచి ఇవ్వవచ్చు. భారత్‌లో 36వ నియమం ఒప్పుకోదు. 2008 సవరణ తర్వాత పేరు, చిరునామా, నమోదు వివరాలు, అర్హతలు, పనిచేసే రంగాలు వంటి పరిమిత సమాచారంతో వెబ్‌సైటు పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్ వేదికల ద్వారా పని అర్థించే పద్ధతిపై చర్య తీసుకోవాలని మద్రాసు హైకోర్టు 2024 జూలైలో బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది కాబట్టి అటువైపు వెళ్లకండి.

ప్రకటన లేనిచోట పని ఎక్కువగా తోటి న్యాయవాదుల నుంచి వస్తుంది. అందుకే ఒక రంగం ఎంచుకోండి. ‘అన్నీ చూస్తాను’ అనే న్యాయవాది పేరు ఎవరికీ ఏ కేసుకూ గుర్తురాదు. ‘కౌలు తగాదాలంటే ఆమె’, ‘చెక్కు బౌన్సు కేసుల్లో ఆయన’ అని నలుగురూ అనుకున్నప్పుడే ఫోను మోగుతుంది.

ఖాళీగా ఉన్న రోజుల్లో వచ్చిన ప్రతి కేసూ తీసుకోవాలా?

వద్దు. ముగ్గురు న్యాయవాదులను మార్చి వచ్చినవారు, ఫీజు మాట ఎత్తగానే పాత న్యాయవాదిని తిట్టేవారు, ఫలితం హామీ ఇవ్వమనేవారు మీ ఖాళీ సమయాన్నే కాక మీ నిద్రనూ తీసుకెళ్తారు. మీకు తెలియని రంగంలో కేసు వస్తే తెలిసినవారికి పంపండి.

స్నేహితుడితో కలిసి పెడితే ఒంటరితనం ఉండదు కదా?

ఉండదు, కానీ అది భాగస్వామ్యం. లాభం, ఖర్చు, ఎవరు తెచ్చిన క్లయింటు, విడిపోతే ఏమిటి అన్నవి మొదటి రోజే రాసుకోండి. ఇద్దరు న్యాయవాదులు తమ ఒప్పందం తాము రాసుకోకుండా ఏళ్లు గడిపేయడం ఆశ్చర్యమే, అయినా చాలాచోట్ల జరుగుతుంది. గది, గుమాస్తా పంచుకుని ప్రాక్టీసులు వేరుగా ఉంచుకోవడం మొదట్లో మేలైన దారి. అప్పుడు కూడా ఫైళ్లు, కంప్యూటర్లు వేరుగానే ఉండాలి.

అన్నీ లెక్కవేశాక ఇంకో ఏడాది ఉండాలనిపిస్తోంది. భయపడుతున్నానా?

పైన చెప్పిన కాగితంలో మీ పేరున్న వరుసలు తక్కువగా ఉంటే, ఉండటమే తెలివి. ఈ ఏడాదిని దానికోసం వాడుకోండి: వాదన అవకాశం అడిగి తీసుకోండి, క్లయింట్లతో నేరుగా మాట్లాడే పని అడగండి, ఫీజు చర్చల్లో కూర్చోండి. ఏడాది తర్వాత కాగితం మళ్లీ రాయండి. వరుసలు మారకపోతే, ఆ ఫర్మ్ మీకు ఆ అవకాశం ఇవ్వడం లేదని తెలుస్తుంది.

చివరి రోజున చేయవలసినవి ఏమిటి?

మీ చేతిలోని ప్రతి ఫైలుకు ఒక పేజీ అప్పగింత నోటు రాయండి: కేసు ఏ దశలో ఉంది, తదుపరి వాయిదా, దగ్గరపడిన గడువులు, క్లయింటు తీసుకున్న నిర్ణయం, మిగిలిన అడ్వాన్సు. మీ ఫోనులో, ఇంటి కంప్యూటర్‌లో ఉన్న ఫర్మ్ పత్రాలను ముందు ఫర్మ్‌కు తిరిగి ఇచ్చి, ఆ తర్వాత వారికి చెప్పే తొలగించండి. చెప్పకుండా తొలగిస్తే దాన్ని కూడా అనుమానిస్తారు. మీ పాత మెయిలుకు వచ్చే సందేశాలు ఎవరు చూస్తారు, మీ కోసం ఫోను చేసినవారికి రిసెప్షన్‌లో ఏమి చెబుతారు అన్నది మాట్లాడుకోండి. అప్పగింత నోట్ల జాబితా మీద ఇద్దరి సంతకాలు, తేదీ వేయించి ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.